హాట్ ప్రెస్‌లో తువ్వాలు

టాలట్,
ఫిబ్రవరి 11

పిన్నీ,

ఫోన్లో "బానే ఉన్నా" తప్ప నా నోట్లోంచి ఇంకో మాట రాదు, కాగితం మీదైనా నిజం రాసి తగలడు అన్నావుగా. అందుకని కూర్చున్నాను. పెన్ను పట్టుకుని ఎన్నేళ్ళయిందో. చేతిరాత చూసి నవ్వకు. కోడి గెలికినట్టుందని రాజ్‌కిరణ్ ఇప్పటికే అన్నాడు. ఏం రాస్తున్నానో మాత్రం అడగలేదు. ప్రస్తుతానికి మొగుడిలో నాకు నచ్చే గుణం అదొక్కటే.

వినీత్ పోయి ఆరు నెలలు నిండాయి. మా పేట డాక్టరమ్మ, ఇక్కడి జీపీ, ఇచ్చిన మాత్ర మొదలుపెట్టి నాలుగు నెలలు. మొదట్లో మేలు చేసింది, కాదనను. పొద్దున్నే లేచి శ్రావ్యకి జడ వేసి బడికి పంపగలిగాను. ఆఫీసుకి వెళ్ళగలిగాను. లువాస్ ట్రామ్ ఎక్కి కూర్చుంటే దిగాల్సిన స్టాపు గుర్తుండేది. అంతకుముందు అదీ లేదని నీకు తెలుసు.

ఇప్పుడు వేరే గోల మొదలైంది. ఈ చలిలో చెమటలు పోస్తున్నాయి. మొన్న మీటింగులో నేను కోటు విప్పేసి కాగితంతో విసురుకుంటుంటే, పక్కనున్న ఐరిష్ అమ్మాయి జాలిపడి కిటికీ తెరిచింది. మిగతావాళ్ళంతా గడగడ వణికారు. నిద్రలో పళ్ళు బిగించేస్తున్నాను, పొద్దున్నే దోసె నమలాలంటే దవడ నొప్పి. చేతులు వణికి టీ సగం సాసర్లోనే ఉంటోంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నువ్వు డాక్టరువి కదా. రాజ్‌కిరణ్ చెయ్యి వేస్తే గోడ మీద వేసినట్టే ఉంటోంది నాకు. పాపం అతను చెయ్యి తీసేసుకుని అటు తిరిగి పడుకుంటున్నాడు.

అన్నిటికన్నా, ఏడుపు రావట్లేదు. పోయినవారం తమ్ముడి పుట్టినరోజు. గుత్తి వంకాయ వండి, వాడి ఫొటో ముందు పెట్టి, ఇప్పుడు ఏడుస్తాను అనుకుని కూర్చున్నాను. రాలేదు. ఉల్లిపాయలు తరిగినా రావట్లేదు పిన్నీ, నమ్ము. అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. నిన్నూ నన్నూ పట్టుకుని పెరిగినవాడు. వాడి కోసం ఒక్క చుక్క రాకపోతే నేనేం అక్కని?

జీపీ మంచిదే. ఇవన్నీ విని, మందు మార్చి చూద్దామా అంది. మూడు వారాలు ఆలోచించుకుని రమ్మంది. మారిస్తే మళ్ళీ మొదటికొస్తుందేమోనని భయం. మార్చకపోతే ఇలా చెక్కబొమ్మలా ఉండాలి. నువ్వేమంటావు?

యోగిత

---

లెటర్‌కెన్నీ,
ఫిబ్రవరి 16

యోగీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట పిన్నిలా, తర్వాత కళ్ళజోడు పెట్టుకుని డాక్టరులా. నిన్ను చేత్తో రాయమన్నది మురిపానికి కాదు. నీ అక్షరాలు చూద్దామనే. ప్రతి గీత చివరా వణుకుంది. టీ సాసర్లో పోయిందంటే ఊరికే రాయలేదన్నమాట.

నేను ముసలివాళ్ళ వార్డు డాక్టరుని, మనసు డాక్టరుని కాను. కానీ ఇరవయ్యేళ్ళలో ఈ మందులు వాడేవాళ్ళని చాలామందినే చూశాను. చెమటలూ, దవడా, మొగుడి సంగతీ, ఏడుపు రాకపోవడం, అన్నీ ఆ మందు చేసే పనులే. నువ్వు చెడ్డ అక్కవి కావడం వల్ల వచ్చినవి కావు. ఒకరికి పడింది ఇంకొకరికి పడదు. చెప్పు కరిస్తే చెప్పు మారుస్తాం గానీ కాలు కోసుకోం కదా. మార్చమన్నప్పుడు మార్చు. అందులో ఓడిపోయింది ఏమీ లేదు. కానీ నీ అంతట నువ్వు ఒక్కరోజు కూడా ఆపకు, ఆమె ఎలా తగ్గించమంటే అలా తగ్గించు.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. నాలుగు నెలల తర్వాత ఇంత వణుకు ఉండకూడదు. ఆమెకి అన్నీ చెప్తున్నావా? డాక్టరు దగ్గర సగం దాచి మందు తెచ్చుకోవడం, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం లాంటిది. నిద్ర ఎలా పడుతోంది? కలలొస్తున్నాయా? నువ్వు ఆ మాటే ఎత్తలేదు.

ఈ నెలంతా నాకు నైట్ డ్యూటీలు. పొద్దున్నే వచ్చి పడుకుని మధ్యాహ్నం లేస్తున్నాను. ఇక్కడ వాన ఆగి పన్నెండు రోజులైంది అని రాద్దామనుకున్నాను, ఈలోగా మొదలైంది. కందిపొడి చేసి పంపుతున్నాను. నీ మొగుడికి ఎక్కువ పెట్టకు, పోయినసారి సీసా ఖాళీ చేసింది ఎవరో నాకు తెలుసు.

పిన్ని

---

టాలట్,
మార్చి 2

పిన్నీ,

కందిపొడి అందింది. సీసా ఇప్పటికే సగమైంది, ఎవరో అడగకు.

నువ్వు ఒకటి గమనించావో లేదో. నీ ఉత్తరం మొత్తంలో వినీత్ పేరు ఒక్కసారి కూడా రాయలేదు. నేను వెతికాను.

కలల గురించి అడిగావు. చెప్తాను, కానీ రాజ్‌కిరణ్‌తో అనకూడదు. వినీత్ వస్తున్నాడు.

నవంబరులో మొదలైంది. అప్పుడప్పుడూ వచ్చేవాడు, ఇప్పుడు దాదాపు రోజూ. మెట్లెక్కగానే హాట్ ప్రెస్ ఉంది కదా, వేడినీళ్ళ ట్యాంకు చుట్టూ తువ్వాళ్ళూ దుప్పట్లూ పెట్టుకునే అలమర. దాని ముందు నిలబడి ఉంటాడు. వీపు నావైపు. తలుపులు తెరిచి ఒక్కొక్కటీ కిందకి లాగుతుంటాడు. ఏం వెతుకుతున్నావురా అంటాను. లాగుతూనే ఉంటాడు. నీళ్ళలో పోయినవాడు కదా, తడిసి రావాలని అనుకుంటాం. జుట్టు పొడిగా ఉంటుంది పిన్నీ, అప్పుడే నిద్ర లేచినట్టు రేగిపోయి ఉంటుంది. దగ్గరికి వెళ్ళి వాసన చూశాను, షాంపూ వాసన కూడా వచ్చింది. చివర్లో ఒకే మాట అంటాడు. "కనిపించట్లా." నాతో అన్నట్టు ఉండదు. లోపలి గదిలో ఎవరితోనో అన్నట్టు ఉంటుంది. అంతే, మెలకువ వచ్చేస్తుంది.

అందుకే నిన్న జీపీ అపాయింట్‌మెంటు రద్దు చేసుకున్నాను. ఈ మందుకి ఇలాంటి కలలు వస్తాయని ఆ డబ్బాలో కాగితం మీదే రాసుంది. మందు మారిస్తే కల పోతుంది. కల పోతే వాడు ఇంకెక్కడికి వస్తాడు? చెమటలు పోస్తే పోయనీ. వణికితే వణకనీ. వాడికి కావాల్సింది దొరికేదాకా నేను మార్చను.

ఇంకో సంగతి చెప్తే నవ్వుతావు. సెప్టెంబరులో నువ్వు ఇండియా నుంచి తెచ్చిచ్చావే, నరాల బలానికి మాత్రలు, అవి వేసుకున్న రోజు కల మరీ స్పష్టంగా వస్తుంది. వాడి మెడ మీద పుట్టుమచ్చ కూడా కనిపిస్తుంది. అందుకని అవి మానలేదు. అయిపోవస్తే మన ఊరి బుచ్చిబాబు అంకుల్ వాళ్ళు విజయవాడ నుంచి వస్తున్నారని తెలిసి, ఖాళీ అట్ట ఫొటో పంపాను. పాపం ఆరు అట్టలు తెచ్చారు.

యోగిత

---

లెటర్‌కెన్నీ,
మార్చి 5

యోగీ,

నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. రాజ్‌కిరణ్‌కి చేసి, నీకు ఒళ్ళు కాలినా, మాట తడబడినా, వణుకు ఎక్కువైనా క్షణం ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. ఎందుకని అడిగాడు. ముందు యోగీకి చెప్పాలి అన్నాను.

అవి నరాల మాత్రలు కావు. నీకు జీపీ ఇచ్చే మందూ అదీ ఒకటే. అక్కడ ఒక కంపెనీ పేరు, ఇక్కడ ఇంకో పేరు. నువ్వు దాదాపు ఐదు నెలలుగా రెండింతలు వేసుకుంటున్నావు. నీ వణుకూ, చెమటలూ, దవడా ఇంత ముదిరింది అందుకే.

సెప్టెంబరులో నువ్వు అన్నం తినేదానివి కాదు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే "నాకేం పిచ్చా" అని నా మీద లేచావు. ఇక్కడ అపాయింట్‌మెంటు దొరికేదాకా ఏదో ఒకటి పడాలి. మన ఇళ్ళలో ఎవరికిచ్చినా ఏమని ఇస్తాం? నరాల బలహీనత అనే ఇస్తాం. నేనూ అలాగే చెప్పాను. తర్వాత జీపీ మందు మొదలైందని తెలిసినప్పుడు, నావి మానేసి ఉంటావులే అనుకున్నాను. అడగలేదు. నా వార్డులో ఏ జూనియరైనా ఇలా చేసి ఉంటే కోటు విప్పించి ఇంటికి పంపేదాన్ని.

రెండూ ఒకేసారి ఆపకు. ఆ ఆరు అట్టలూ జీపీ మందూ సంచిలో వేసుకుని ఆమె దగ్గరికి ఇవాళే వెళ్ళు. మా పిన్ని అబద్ధం చెప్పి ఇచ్చిందని చెప్పు. నా ఫోన్ నంబరు ఇవ్వు.

హాట్ ప్రెస్ సంగతి తర్వాత రాస్తాను.

పిన్ని

---

టాలట్,
మార్చి 9

పిన్నీ,

బాగుంది. నాకేం పిచ్చా అని నేనంటే, నువ్వు పిచ్చి మందు పెట్టి పైన నరాల పేరు రాశావన్నమాట. అదీ చిన్నపిల్లకి బెల్లంలో పెట్టి మింగించినట్టు. జీపీ మొదటిరోజే అడిగింది, ఇంకేమైనా వాడుతున్నావా అని. ఏం లేదు, మా పిన్ని ఇచ్చిన విటమిన్లు అన్నాను. గ్రాండ్, అయితే సరే, అని రాసుకుంది. నీ మాట మీద నాకు అంత నమ్మకం.

నేను వెళ్ళలేదు. వెళ్ళను. రెండింతలైతే రెండింతలు. నిన్న కూడా వచ్చాడు. ఈసారి అట్టడుగున ఉన్న పిల్లల దుప్పటి కూడా లాగాడు. "కనిపించట్లా" అన్నప్పుడు గొంతులో విసుగు వినిపించింది. వాడు విసుక్కునేది ఎలాగో నీకు తెలుసు కదా, ముక్కుతో ఊపిరి వదిలి. ఇన్ని నెలల తర్వాత మళ్ళీ విన్నాను పిన్నీ. ఆ ఊపిరి శబ్దం వదులుకోమంటావా?

సెలవులకి ఇంట్లో ఊరికే కూర్చునే బదులు పిన్ని దగ్గరికి పోరాదూ అని వాణ్ణి బస్సెక్కించింది నేను. ఆ సముద్రం దగ్గరికి పంపింది నేను. వాడికేదో కావాలి. నన్నడగడానికి వస్తున్నాడు.

ఇంకో మాట. నీ ఉత్తరమంతా ముత్యాల్లా ఉంది. చివరి వాక్యం, హాట్ ప్రెస్ అన్నచోట, పెన్ను కాగితంలోకి దిగబడింది. వెనకవైపు వేలితో తడిమితే తగులుతోంది. నువ్వొక్కదానివే అక్షరాలు చదవగలవనుకోకు. ఏం దాస్తున్నావు?

యోగిత

---

లెటర్‌కెన్నీ,
మార్చి 14

యోగీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఆ రోజు నేను పోలీసు గార్డులకి ఏం చెప్పానో నీకూ అదే చెప్పాను. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాను, వాడు ఎప్పుడు వెళ్ళాడో తెలీదు అని. అది నిజం కాదు.

తొమ్మిదిన్నరకి నా గది తలుపు దగ్గరికి వచ్చాడు. రాత్రి తల స్నానం చేసి పడుకుని అప్పుడే లేచినట్టున్నాడు, జుట్టు పొడిగా రేగిపోయి ఉంది. "పిన్నీ, తువ్వాలు ఎక్కడుంది?" అన్నాడు. హాట్ ప్రెస్‌లో చూడరా అని అటు తిరిగాను. వాడు తలుపులు తీసిన చప్పుడు విన్నాను. బట్టలు కింద పడుతున్న చప్పుడు విన్నాను. తువ్వాళ్ళన్నీ అంతకుముందు రోజు ఉతికి పెరట్లో తీగ మీద ఆరేశాను. ఆ సంగతి నాకు గుర్తుంది. చెప్పాలంటే కళ్ళు తెరవాలి, నోరు విప్పాలి, నిద్ర చెడుతుంది. కాసేపటికి అక్కడి నుంచే "కనిపించట్లా" అన్నాడు. నిద్రపోయినట్టు పడుకున్నాను. ముక్కుతో ఊపిరి వదిలాడు. కిందకి వెళ్ళాడు. తలుపు పడిన చప్పుడు.

లేచి ఉంటే ఎక్కడికిరా అని అడిగేదాన్ని. ఆ బీచిలో నీళ్ళు లోపలికి లాగుతాయని ఇక్కడ పదేళ్ళుగా ఉంటున్న నాకు తెలుసు, వాడికి తెలీదు. ఒద్దురా, మధ్యాహ్నం నేనే తీసుకెళ్తాను అనేదాన్ని. అంత చిన్న మాట. గార్డులు వాడి సంచి తెచ్చిచ్చారు. అందులో తువ్వాలు లేదు. నా నీలం దుప్పటి మడిచి పెట్టుకుని వెళ్ళాడు. అది ఇప్పటికీ నా మంచం కింద ఉంది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. వాడు ఏ మెసేజీ పెట్టలేదు కదా నీకు? ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్ళాడు, నేను చూశాను, ఏమీ లేదు. మరి నీకెలా తెలిసింది? డాక్టరుగా నీకు సమాధానం చెప్పగలను. ప్రతి ఇంట్లోనూ హాట్ ప్రెస్ ఉంటుంది, ఈతకి వెళ్ళేవాడికి తువ్వాలే కావాలి, మందు ఎక్కువైన మెదడు ఏ వేషమైనా వేస్తుంది. పొడి జుట్టుకి మాత్రం నా దగ్గర సమాధానం లేదు. "కనిపించట్లా" అన్న మాటకీ లేదు.

అందుకే అడుగుతున్నాను. వాడు నిన్ను అడగడానికి రావట్లేదు తల్లీ. లోపలి గదిలో ఎవరితోనో అన్నట్టుంటుందని రాశావు చూడు, ఆ గదిలో పడుకున్నది నేను. వాడు వెతుకుతున్నది నా ఇంట్లో. వాడికి నువ్వు చేయగలిగింది ఏమీ లేదు, చేయాల్సినదాన్ని నేను. నీ ఒళ్ళు గుల్ల చేసుకుని వాణ్ణి కాపలా కాయొద్దు. శ్రావ్యకి తల్లి కావాలి. నాకు ఇంకొకర్ని పోగొట్టుకునే ఓపిక లేదు.

నామీద ఎంత కోపమైనా పెట్టుకో. జీపీ దగ్గరికి మాత్రం వెళ్ళు.

గిరిజ పిన్ని

---

టాలట్,
మే 26

పిన్నీ,

రెండు నెలలు నీకు రాయలేదు, ఫోన్ ఎత్తలేదు. కావాలనే.

నీ ఉత్తరం వచ్చిన రోజే రాజ్‌కిరణ్ ముందు పెట్టాను. చదివి కారు తాళాలు తీసుకున్నాడు. ఆరు అట్టలూ జీపీ బల్ల మీద పరిచాను. కలల గురించి కూడా చెప్పాను, మొదటిసారి. నన్ను పిచ్చిదానిలా చూస్తుందనుకున్నాను. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, మీ తమ్ముడి పేరేంటి అని అడిగింది. ఇన్నాళ్ళలో ఆ పేరు అక్కడ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.

రక్తపరీక్షలు చేశారు. నీ మాత్రలు మెల్లగా తగ్గించి, తర్వాత పాత మందు తగ్గించి, కొత్తది మొదలుపెట్టారు. మధ్యలో మూడు వారాలు నరకం. తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు ఉండేది. ఊరికే కోపం. శ్రావ్య పాలు ఒలకబోసిందని అరిచాను, అది హాట్ ప్రెస్ తలుపు వెనక దాక్కుంది. రాజ్‌కిరణ్ వారం సెలవు పెట్టి వంట చేశాడు. ఆ వంట తినడం కూడా సైడ్ ఎఫెక్టుల్లో రాసుకోవచ్చు.

వాడు మెల్లమెల్లగా తగ్గాడు. ముందు మాట పోయింది. తర్వాత మెడ మీద మచ్చ. ఆఖరున హాట్ ప్రెస్ తలుపులు ఒక్కటే కనిపించేవి, మూసి. ఏప్రిల్ ఇరవై తర్వాత అదీ లేదు.

పోయిన శనివారం బట్టలు మడుస్తుంటే ఒక తువ్వాలు ఇంకా కొంచెం తడిగా ఉంది. మొహానికి ఆనించుకున్నాను, ఎందుకో తెలీదు. వచ్చింది పిన్నీ. మెట్ల మీదే కూర్చుని గంటసేపు ఏడ్చాను. శ్రావ్య వచ్చి "మామ్, ఆర్ యూ గ్రాండ్?" అంది. లేదమ్మా, మామయ్య కోసం ఏడుస్తున్నాను అన్నాను. అది వచ్చి పక్కన కూర్చుంది.

చెమటలు తగ్గాయి. రాజ్‌కిరణ్ చెయ్యి చెయ్యిలాగే ఉంది. చేతిరాత నువ్వే చూస్తున్నావు.

నీ మీద కోపం పోలేదు. మాత్రల సంగతికి కాదు. ఆ రోజు నువ్వు లేవలేదని కూడా కాదు. రాత్రంతా ముసలివాళ్ళని చూసి వచ్చి పడుకున్న మనిషివి, నేనైనా అటే తిరిగేదాన్ని. తొమ్మిది నెలలు అది ఒక్కదానివే మోశావు చూడు, అందుకు కోపం. నీలం దుప్పటి పారేయకు. నేను వచ్చినప్పుడు చూస్తాను.

యోగిత

---

లెటర్‌కెన్నీ,
జూన్ 3

యోగీ,

ఇవాళ డ్యూటీ నుంచి వచ్చి ఎనిమిదింటికి పడుకున్నాను. బయట మంచి ఎండ.

తలుపు దగ్గరికి వచ్చాడు. జుట్టు పొడిగా, రేగిపోయి. "పిన్నీ, తువ్వాలు ఎక్కడుంది?" అన్నాడు. నేను అటు తిరగలేదు. కళ్ళు తెరిచాను. పెరట్లో తీగ మీద ఉన్నాయిరా, ఉండు తెస్తాను అన్నాను. చెప్పులు వేసుకుని కిందకి వెళ్ళి తెచ్చాను. మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎక్కడికిరా పొద్దున్నే, ఏమైనా తిని వెళ్ళు అన్నాను. సరే అన్నాడు.

మెలకువ వచ్చేసరికి నేను మంచం మీద లేను. మెట్ల పైన నిలబడి ఉన్నాను. హాట్ ప్రెస్ తలుపులు తెరిచి ఉన్నాయి, బట్టలన్నీ కింద పడి ఉన్నాయి. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. నా చేతిలో తువ్వాలు ఉంది, ఎండకి ఇంకా వెచ్చగా.

నేను ఏ మాత్రా వేసుకోనని నీకు తెలుసు. వేసుకుని ఉండాల్సిందేమో. నీకు నరాల బలహీనత అని చెప్పినదాన్ని, తొమ్మిది నెలలుగా నాకు నేను అలసట అని చెప్పుకుంటున్నాను. ఇక్కడ డాక్టర్లందరూ నా స్నేహితులే, అందుకే ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. ఇందాక వేరే ఊళ్ళో ఒక డాక్టరమ్మకి ఫోన్ చేశాను. గురువారం రమ్మంది. సగం దాచకుండా అన్నీ చెప్పాలి, నాకు భయంగా ఉంది. బుధవారం బస్సెక్కి వస్తావా? బయట కుర్చీలో కూర్చుంటే చాలు.

చేతిరాత చూసి నవ్వకు.

పిన్ని